“అర్థమైనదా?”

“అర్థమైనదా?” అని అడిగినవారికి “అర్థమైనదండి” అని చెప్పి, నిజమునకు ఏమియు అర్థము కాకయే ఇంటికి వచ్చిన దినములు మనలో ఎవరికి లేవు? వైద్యుని గదిలోనుండి, బ్యాంకు కౌంటరునుండి, చెప్పుటకు సంకోచముగా నున్నదిగాని ఆదివారపు ప్రసంగమునుండియు మనము అట్లు లేచివచ్చిన వారమే. ఇందులో దోషమేమైన ఉన్నదా అని నేను ఎన్నడును ఆలోచింపలేదు. పరాయి దేశములో, నా భార్య మంచము ప్రక్కన, ఆ చిన్నమాట ఎంత పని చేయగలదో చూచిన తరువాతనే ఆ ప్రశ్న నన్ను పట్టుకొనెను.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమిరువురము అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో మా కుమార్తెతో నివసించుచుండగా, నా భార్యకు పక్షవాతము వచ్చెను. ఆసుపత్రినుండి ఇంటికి పంపిన పిదప ఆమెను కనిపెట్టుకొని యుండుటకు పగటివేళ ఒక స్త్రీ రాసాగెను. అట్టివారిని అక్కడ హోమ్ హెల్త్ ఎయిడ్ అందురు. ఆమె నర్సు కాదు. మన ఆసుపత్రులలోని ఆయమ్మ అన్నను సరిపోదు. స్నానము చేయించుట, బట్టలు మార్చుట, మంచముమీదనుండి కుర్చీలోనికి చేర్చుట, అన్నము తినిపించుట, జ్వరమును నాడిని చూచి వ్రాసియుంచుట, రోగిలో ఏ మార్పు కనబడినను నర్సుకు తెలియజేయుట ఆమె పని. నేను ఆమెను ఇక్కడ పరిచారిక అని పిలిచెదను. పరిచర్య అనగానే మనకు ప్రసంగపీఠము జ్ఞాపకము వచ్చుచున్నదిగాని, ఆ మాట మొదట చెప్పునది ఈమె చేసిన పనినే.

ఆమె హైతీ దేశస్థురాలు. ఇంట మాటలాడునది క్రియోలు భాష. బడిలో నేర్చినది ఫ్రెంచి. ఇంగ్లీషు మాత్రము ఆ దేశమునకు వచ్చిన తరువాత, సగము బస్సులలోను సగము పనిచేసిన ఇండ్లలోను ఏరుకొన్నది. నేనో, గుంటూరు జిల్లాలో ముప్పది ఏండ్లు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధించిన వాడను. ఆమె తప్పులను మనస్సులోనే దిద్దుచు కూర్చుండుట నాకు కొంత కాలక్షేపముగా నుండెనని ఒప్పుకొనవలెను.

ఒక ఉదయమున నర్సు వచ్చి చూచి, నా భార్యకు మింగు శక్తి తగ్గినదనియు, పలుచని నీళ్లు గొంతులోనుండి ఊపిరితిత్తులలోనికి పోవచ్చుననియు, ఇకమీదట నీళ్లైనను కాఫీయైనను ఒక పొడి కలిపి చిక్కబరచియే ఇయ్యవలెననియు చెప్పెను. ఇదంతయు రెండు నిమిషములలో చెప్పెను. “అర్థమైనదా?” అని అడిగెను. పరిచారిక “యెస్, యెస్” అనెను. నర్సు నావైపు తిరిగెను. నేనును “యెస్” అంటిని.

ఆ సాయంత్రము పరిచారిక గ్లాసెడు మంచినీళ్లు ఇచ్చినది. నా భార్య ఉక్కిరిబిక్కిరియై, కన్నులు తేలవేసి, ముఖము నల్లబడువరకు దగ్గెను. దేవుని కృపవలన ఆ గండము గడచెను. నా కుమార్తె పనినుండి వచ్చి, “నాన్నగారూ, పొడి సంగతి నర్సు చెప్పలేదా?” అని అడిగినది. చెప్పెను. పొడి డబ్బా బల్లమీదనే ఉన్నది. పరిచారిక దానిని బలమునకు కలుపు పొడి అనుకొన్నది. నేనేమనుకొంటిననగా, ఏమియు అనుకొనలేదు. ఆ నర్సు ఉచ్చారణ నాకు అందలేదు, అందలేదని చెప్పుటకు ముప్పది ఏండ్ల ఇంగ్లీషు బోధన అడ్డువచ్చినది. పరిచారిక వంటగదిలో గోడవైపు తిరిగి ఏడ్చుచుండెను. ఉద్యోగము పోవునని ఆమె భయము. నన్నెవరును పనినుండి తీసివేయరు గనుక నేను ఏడ్వలేదు.

ఆమె చెప్పిన “యెస్” అబద్ధమా? ఇది నన్ను చాలకాలము వదలని ప్రశ్న. నాలుగవ శతాబ్దపు చివర అబద్ధమును గూర్చియే ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసిన అగస్టీను, మనస్సులో ఒకటి ఉంచుకొని, మోసపుచ్చవలెనను కోరికతో వేరొకటి పలుకుటయే అబద్ధమని విచారించెను. ప్రాణము కాపాడుటకైనను అబద్ధమాడరాదని గట్టిగా పట్టుపట్టెను. ఆ కొలతతో చూచినయెడల ఆమెయు దోషియే, నేను అంతకంటె పెద్ద దోషిని. ఆ మహనీయునితో వాదించుటకు నేనెవరిని? అయినను మన తెలుగులో “అలాగేనండి” అను మాట ఒకటి యున్నది. పెద్దలు చెప్పినదానికి అలాగేనండి అందుము. ఆ మాటకు అర్థమైనదని గాని, ఒప్పుకొంటినని గాని, చేయుదునని గాని భావము కానక్కరలేదు. మీ మాట వింటిని, మీ పెద్దరికమును కాదనను అని మాత్రమే దాని భావము. అమ్మగారి మాటకు పనిమనిషి అలాగేనమ్మగారూ అనుట ఎన్ని ఇండ్లలో వినలేదు? పరిచారిక చెప్పిన “యెస్” నూటికి తొంబదిపాళ్లు ఈ అలాగేనండియే. ఇంగ్లీషు దానిని ఎరుగదు. అక్కడ యెస్ అన్న యెడల పత్రముమీద సంతకము పెట్టినట్లే.

అలాగని దోషము లేదనుటకు వీలులేదు. దగ్గుచున్న రోగికి మర్యాద తెలియదు. నేను చెప్పదలచినదేమనగా, ఆ యెస్ ను పలికించినది మోసము చేయు కోరిక కాదు, భయము. అర్థము కాలేదు అని ఒక్కసారి చెప్పినయెడల, “ఈమెకు ఇంగ్లీషు రాదు, మరియొకరిని పంపుడి” అని ఇంటివారు ఫోను చేయుదురని ఆమె ఎరుగును. అట్టి ఫోను మా ఇంటనుండియు ఒకసారి పోయినదని తరువాత తెలిసినది. ఆ భయమును మేమే పెంచి, దాని ఫలమును మాత్రము ఆమె నెత్తిన వేసితిమి.

ఈ పరిచారికలు చేయు పనికి భాష ఎంత అవసరమో తెలిసికొనిన కొలది నాకు ఆశ్చర్యము కలిగినది. ఆ దేశములో ఇండ్లవద్ద సేవ చేయువారు 30 లక్షలకు పైబడి యున్నారు. వారిలో నలుగురిలో ఒకరికంటె ఎక్కువమంది విదేశములలో పుట్టినవారు. మెడికేర్ అను ప్రభుత్వ పథకము క్రింద పని చేయు సంస్థలు తమ పరిచారికలకు కనీసము 75 గంటల శిక్షణ ఇయ్యవలెననియు, అందులో 16 గంటలైనను పర్యవేక్షణలో చేతులతో పని చేయించవలెననియు నియమము. రోగి స్థితిని చదువుటకు, వ్రాయుటకు, నోటితో తెలియజేయుటకు శక్తి ఉండవలెననియు అదే నియమము చెప్పును. అయితే ఆ గంటలు పని నేర్పుటకు ఉద్దేశింపబడినవిగాని భాష నేర్పుటకు కావు. భాష ఆమె వెంట తెచ్చుకొనవలసిన సామగ్రిగా ఎంచబడును.

అయినను ఆ శిక్షణలో నాకు మిక్కిలి నచ్చిన సంగతి ఒకటి యున్నది. పరిచారిక తాను చూచినదానిని చూచినట్లు, విన్నదానిని విన్నట్లు వేరువేరుగా వ్రాయవలెను. “ఆమె దిగులుగా నున్నది” అని వ్రాయుట చాలదు. “ఉదయము ఫలాహారము ముట్టలేదు, రెండుసార్లు ఏడ్చినది” అని వ్రాయవలెను. ఛాతీలో నొప్పియున్నదని కాక, ఛాతీలో నొప్పియున్నదని రోగి చెప్పినదని వ్రాయవలెను. గదిలోనికి వచ్చునప్పటికి ముసలాయన నేలమీద ఉన్నయెడల “పడిపోయెను” అని వ్రాయరాదు. పడుట ఆమె చూడలేదు గదా! “నేలమీద ఉండగా చూచితిని” అని మాత్రమే వ్రాయవలెను. తొమ్మిదవ ఆజ్ఞనుగూర్చి నేను విన్న ప్రసంగములలో ఇంత సూక్ష్మముగా ఎవరును చెప్పలేదు. సంఘ కమిటీలలో ఒకరిమీద ఒకరు వ్రాసికొను ఫిర్యాదులను ఈ పద్ధతిని వ్రాయవలసివచ్చినయెడల ఎన్ని కాగితములు మిగులునో!

కాని ఇట్టి సాక్ష్యమునకు మాటలు కావలెను. మందమైన నొప్పి, పొడుచు నొప్పి, మండు నొప్పి. తల తిరుగుట, కండ్లు చీకట్లు కమ్ముట, వికారము. వీటిలో ప్రతిదానికి ఇంగ్లీషులో ఒక్కొక్క మాట యున్నది, ఒకటి చెప్పబోయి మరియొకటి చెప్పినయెడల మందు మారును. సంఖ్యలు మరింత ప్రమాదకరములు. ఇంగ్లీషులో 15కును 50కిని చెవికి తేడా మిక్కిలి స్వల్పము. మందు చీటీలమీద ఒకసారి అనుటకు ఇంగ్లీషులో వ్రాయు “వన్స్” అను మాటను స్పానిష్ వచ్చినవారు తమ భాషలో చదివినయెడల అది “ఓన్సే” అగును. ఓన్సే అనగా పదకొండు. అక్షరములు అవియే.

తెలియని మాటకంటె తెలిసినట్లుండు మాటయే ఎక్కువ కీడు చేయును. 1980లో ఫ్లోరిడా రాష్ట్రమున స్మృతి తప్పిన 18 ఏండ్ల యువకుని ఒక ఆసుపత్రికి తెచ్చిరి. క్యూబాకు చెందిన అతని కుటుంబమువారు తమ భాషలో “ఇంతోక్సికాదో” అని చెప్పిరి. తిన్నదేదో వికటించినదని వారి భావము. దానిని పోలిన ఇంగ్లీషు మాటకు మత్తులో నుండుట అని అర్థము గనుక, అతడు మత్తుమందు మితిమీరి తీసికొనెనని ఎంచి వైద్యము చేసిరి. జరిగినది మెదడులో రక్తస్రావము. ఆ యువకునికి కాలుసేతులు శాశ్వతముగా చచ్చుబడినవి. అక్కడ ఎవరును అబద్ధమాడలేదు. అందరును తమకు అర్థమైనదనుకొనిరి, కావున మరల ఎవరును అడుగలేదు.

మరియొక సంగతి నా పరిచారికవలననే నేర్చుకొంటిని. ఆమె మొదటి దినములలో నా భార్యతో “కూర్చో”, “లే”, “నోరు తెరువు” అని ఇంగ్లీషులో ముక్తసరిగా అనుచుండెను. వినుటకు కటువుగా నుండి, ఈమెకు మర్యాద తెలియదని తలంచితిని. మన భాషలో గౌరవము క్రియ తోకలోనే యున్నది. “రండి” అన్న చాలును. ఇంగ్లీషులో ఆ తోక లేదు. గౌరవమంతయు ముందు చేర్చు మాటలలో నుండును: మీరు కూర్చుందురా, నేను మీ చేయి పట్టుకొనవచ్చునా, అని ప్రశ్న రూపమున అడుగవలెను. పరిచారికకు ఇది ఎవరు నేర్పవలెను? ఆమె ఇంగ్లీషు నేర్చుకొనినది తనకు ఇయ్యబడిన ఆజ్ఞలనుండి. తెమ్ము, తీయుము, తుడువుము, త్వరగా రమ్ము. తనకు దొరికిన ఇంగ్లీషునే ఆమె నా భార్యకు వడ్డించినది. ఆ సంగతి గ్రహించిన తరువాత నేను, “దయచేసి ఆ దిండు అందించుదురా?” అని ఆమెను అడుగనారంభించితిని. బోధించుచున్నానని ఆమెకు చెప్పలేదు. మూడు వారములలో నా భార్య చెవిని ఆ మాటలే పడినవి.

పరిచారికలకు ఎవరును నేర్పని ఇంగ్లీషు మాట ఇంకొకటి గలదు. అది “కంపానియన్‌షిప్”, అనగా సాహచర్యము. వినుటకు ఎంత తీయని మాట! 1974లో ఆ దేశపు శాసనసభ ఇండ్లలో పనిచేయువారికిని కనీస వేతన రక్షణ కలుగజేసినప్పుడు, వృద్ధులకును దుర్బలులకును సాహచర్యము ఇచ్చువారిని మాత్రము విడిచిపెట్టినది. ముసలివారితో తోడుగా కూర్చుండువారిని ఉద్దేశించిన ఆ మాట క్రింద, దినమంతయు రోగులను ఎత్తి దింపు పరిచారికలును చేరిరి. జమైకానుండి వచ్చి న్యూయార్కులో పని చేసిన ఎవెలిన్ కోక్ అను పరిచారిక తాను అదనముగా చేసిన గంటలకు కూలి కావలెనని న్యాయస్థానమునకు పోయినది. 2007లో అత్యున్నత న్యాయస్థానపు తొమ్మిదిమంది న్యాయమూర్తులును ఏకముగా ఆమెకు విరోధముగా తీర్పు చెప్పిరి. 2013లో నియమము మార్చబడి 2015లో అమలులోనికి వచ్చెను. ఆ మార్పును తిరిగి తీసివేయవలెనని 2025లో ఆ ప్రభుత్వమే ప్రతిపాదించెను. ప్రేమను సూచించు మాటను కూలి ఎగగొట్టుటకు వాడుకొనుట మన నడుమను జరుగుచునే యున్నది. “ఇది దేవుని సేవ, జీతము చూడకూడదు” అని మనము ఎవరెవరితో అనుచున్నామో ఎవరికి వారే జ్ఞాపకము చేసికొనవచ్చును.

ఇక భాష భారము ఎవరు మోయవలెను? సేవ చేయువారే యజమాని భాష నేర్చుకొనవలెనని లోకము అనుకొనును. నేర్చుకొనవలెను, నిశ్చయముగా, రోగి ప్రాణము దానిమీద ఆధారపడియున్నది. మన ప్రాంతమునకు వైద్యము చేయవచ్చినవారును మన భాష నేర్చిరి. 1883లో గుంటూరునకు వచ్చిన లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీలకు ఆసుపత్రి తెరచి, 1930లో మరణించువరకు ఆ పనిలోనే యుండెను. ఆ కాలపు మిషనెరీలకు మున్షీ ఎదుట కూర్చుండి ఒత్తులు గుణింతములు దిద్దుకొనుట తొలి విధి. వారు మాటాడిన తెలుగులో తప్పులను మన పెద్దలు నవ్వుచు సహించిరి, ప్రేమతో దిద్దిరి. దొరసానివారి తప్పును ముద్దుగా ఎంచిన మనము, హైతీ స్త్రీ తప్పును తెలివితక్కువతనముగా ఎందుకు ఎంచుచున్నాము? ఒకే తప్పునకు రెండు తూనికరాళ్లు వాడుచున్నాము. యొర్దాను రేవులయొద్ద షిబ్బోలెతు అనలేక సిబ్బోలెతు అన్నవారిని గిలాదువారు ఏమి చేసిరో న్యాయాధిపతుల గ్రంథములో చదివి భయపడుదుము. మన గడపలయొద్దనున్న రేవులు మాత్రము కనబడవు.

భారము ఇరువైపుల ఉన్నదనుటకు నేను తరువాత విన్న ఒక పద్ధతి నిదర్శనము. వైద్యులు దానిని టీచ్-బ్యాక్ అందురు. చెప్పినవారు “అర్థమైనదా?” అని అడుగరాదు, ఆ ప్రశ్నకు జవాబు ఎల్లప్పుడు అవుననియే. “నేను సరిగా వివరించితినో లేదో తెలిసికొనగోరుచున్నాను, మీరు దీనిని ఏలాగు చేయుదురో నాకు చెప్పుడి” అని అడుగవలెను. చిన్న మార్పు. కాని పరీక్షింపబడునది వినినవారు కాదు, చెప్పినవారు. తప్పు దొర్లినయెడల మొదట సిగ్గుపడునది నర్సు, పరిచారిక కాదు. ముప్పది ఏండ్లు తరగతిలో నిలువబడి “అర్థమైనదా పిల్లలూ?” అని అడిగి, “అర్థమైనదండీ” అను కేకతో తృప్తిపడి గంట కొట్టగానే బయటికి వచ్చిన నాకు ఈ మాట ములుకువలె గ్రుచ్చుకొన్నది.

ఈ సంగతి తలంచునప్పుడెల్ల నాకు నయమాను ఇంటనున్న చిన్నది జ్ఞాపకము వచ్చును. చెరపట్టబడి పరాయి దేశమునకు కొనిపోబడి, ఒక సైన్యాధిపతి భార్యకు పరిచర్య చేసినది. ఆమె పేరు గ్రంథములో లేదు. యజమానురాలి భాషను ఆమె ఎట్లు నేర్చెనో, ఎన్ని తప్పులతో పలికెనో తెలియదు. కాని రోగము ఏదో, వైద్యము ఎక్కడ దొరకునో, ఎవరియొద్ద దొరకునో ఆమె ఒక్కమాటలో తిన్నగా చెప్పినది: షోమ్రోనులోని ప్రవక్తయొద్ద అని. చూడుడి, ఆ వర్తమానము పెద్దల చేతులలోనికి పోయిన తరువాతనే చెడినది. సిరియా రాజు ఉత్తరము వ్రాయించినప్పుడు ప్రవక్త మాయమై, ఇశ్రాయేలు రాజే కుష్ఠము బాగుచేయవలెనని తేలెను. ఆ రాజు యుద్ధమునకు సాకు వెదకుచున్నారని వస్త్రములు చింపుకొనెను. దాసురాలి మాటలో దోషము లేదు. విన్నవారిలో ఒక్కరైనను ఆమెను మరల పిలిచి అడిగినట్లు కనబడదు.

మా పరిచారిక సంగతి ముగించెదను. పక్షవాతము తరువాత నా భార్యకు వచ్చిన కొద్ది ఇంగ్లీషు పోయి, తెలుగు మాత్రము మెల్లగా తిరిగివచ్చినది. పరిచారిక తన సంచిలో ఒక చిన్న నోటుపుస్తకము ఉంచుకొన్నది. ఒక ప్రక్క కొత్త ఇంగ్లీషు మాటలు, రెండవ ప్రక్క, నేను అడుగకయే, ఫ్రెంచి అక్షరములతో వ్రాసికొన్న మా మాటలు: నీళ్లు, నొప్పి, చాలు, చలి. మా కుమార్తె పిలుచుట విని నా భార్యను అమ్మా అని పిలువనారంభించినది. నా భార్య ఆమెను అమ్మాయ్ అనెడిది.

రెండు నెలలకు వేరొక నర్సు వచ్చెను. మింగుటకు కొత్త వ్యాయామములు, మందు వేళలలో మార్పు. గుక్క తిప్పుకొనకుండ చెప్పి, “అర్థమైనదా?” అనెను. పరిచారిక నావైపు చూచినది. నేను నేలవైపు చూచితిని. అప్పుడామె, “లేదు. దయచేసి మరల చెప్పుదురా, మెల్లగా?” అని అడిగినది. నర్సు గడియారము చూచుకొని, సంచి క్రింద పెట్టి, కుర్చీ లాగికొని కూర్చుండెను.

“ఏమంటున్నదండీ?” అని నా భార్య మంచముమీదనుండి అడిగినది.

“అర్థము కాలేదట. మళ్లీ చెప్పమంటున్నది,” అంటిని.

“నాకూ అర్థం కాలేదు. మెల్లగా చెప్పమనండి,” అన్నది.